ఇంట్లో గాలి ముల్లు

సముద్రం ఒడ్డున ఒక పెంకుటిల్లు. ఆ ఇంట్లో ఒక తాత ఉన్నాడు. నలభై ఏళ్లు తెప్ప మీద వేటకు వెళ్లిన మనిషి. ఇప్పుడు మోకాళ్లు పనిచేయవు. మంచం దిగడమే కష్టం. అయినా తెల్లవారుజామున లేవగానే ఒకటే ప్రశ్న.

"బుజ్జీ, గాలి ఎటుందే?"

మనవరాలు బయటికి పోవాలి. గుప్పెడు ఇసుక గాల్లోకి వదలాలి. చూసి వచ్చి చెప్పాలి. రోజుకు నాలుగుసార్లు!

"తాతా, మంచం మీద నుంచి నువ్వే చూసుకునేట్టు చేస్తా" అంది ఒకనాడు.

సైకిల్ షాపులో పాత ముందు చక్రం హబ్బు దొరికింది. హబ్బులో చిన్న ఇనుప గుండ్లు ఉంటాయి. అందుకే దాని ఇరుసు తేలికగా తిరుగుతుంది. ఆ హబ్బును గుండ్రటి చెక్క పలక మధ్య బిగించారు. పలకను తాత మంచానికి పైన, వాసాల కింద, అడ్డంగా సమంగా కట్టారు. ఇరుసు పై కొసకు పొడవాటి ఇనుప ఊచ వెల్డింగ్ చేయించారు. కింది కొసకు ఎర్ర రంగు రేకు ముల్లు పెట్టారు. గడియారం ముల్లు లాంటిదే.

ఒక పెంకు తీసి అక్కడ గొట్టం పెట్టారు. ఊచ ఆ గొట్టంలోంచి కప్పు దాటి నాలుగు అడుగులు పైకి పోయింది. దాని కొసన రేకు బాణాన్ని మరలతో బిగించారు. బాణానికి తోక వెడల్పుగా ఉండాలి. ముక్కు సన్నగా ఉండాలి. ముక్కు దగ్గర ఇనుప ముక్క కడితే రెండు వైపులా బరువు సమానం అవుతుంది. గాలి తోకను నెడుతుంది. అప్పుడు ముక్కు గాలి వచ్చే వైపు తిరుగుతుంది. ఊచతో పాటు లోపలి ముల్లూ తిరుగుతుంది. బాణం ముక్కు, ముల్లు ఒకే వైపు చూసేట్టు ముందే సరిచూసుకోవాలి.

మరి వాన? గొట్టం పైన, ఊచకు ఒక రేకు గరాటు బోర్లించి అతికించారు. తాత దుప్పటి ఒకసారి తడిశాకనే ఈ సంగతి తట్టింది లెండి!

దిక్కులు రాయడంలో ఇంకో పొరపాటు. మనవరాలు పుస్తకంలో పటం చూసి రాసింది. తాత నవ్వాడు. "సముద్రం అటుంటే తూర్పు ఇటు రాశావేంటే?" తలపైన ఉన్న పలకను కింద నుంచి చూస్తాం. అందుకే తూర్పు పడమరలు తారుమారవుతాయి. పటం వద్దు. ఏ దిక్కు పేరు ఆ దిక్కు వైపే రాయాలి. రాత్రి ధ్రువ నక్షత్రం చూసి ఉత్తరం గుర్తు పెట్టారు.

ఇలాంటిది రాజుల ఇళ్లలోనూ ఉంది. లండన్‌లో కెన్సింగ్టన్ రాజభవనం గోడ మీద 1694లో ఒకటి పెట్టారు.

ముల్లు పడమర చూపితే గాలి పడమర నుంచి వస్తోందని అర్థం. అటు పోతోందని కాదు. మామూలు రోజుల్లో ఈ ఒడ్డున తెల్లవారుజామున గాలి నేల వైపు నుంచి వీస్తుంది. ఎండెక్కితే సముద్రం కన్నా నేల త్వరగా వేడెక్కుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేస్తుంది. ఆ చోటికి సముద్రం గాలి వస్తుంది. ముల్లు తూర్పుకు తిరుగుతుంది.

అక్టోబరులో ఒక రోజు మధ్యాహ్నమైనా ముల్లు తిరగలేదు. ఉత్తరం దగ్గరే ఉంది. గాలి పెరుగుతోంది. కొడుకు వల భుజాన వేసుకున్నాడు.

"ఆగరా. గాలికి వీపు పెట్టి నిలబడు. నీ ఎడమ చేతి వైపు ఏముంది?"

"సముద్రం."

"గుండం అటే ఉంటుంది. రేడియో పెట్టు."

ఈ లెక్కను హాలండ్ శాస్త్రవేత్త బైస్ బాలట్ 1857లో ప్రకటించాడు. తాతకు ఆ పేరు తెలియదు. రేడియోలో వాయుగుండం అన్నారు. మత్స్యకారులు వేటకు వెళ్లరాదన్నారు. కొడుకు వల దించాడు.

తర్వాత నిచ్చెన వేసి రేకు బాణం విప్పేశాడు. పెనుగాలికి అది ఊడి ఎగిరితే కత్తితో సమానం.

"గాలి ఒక్కసారిగా ఆగిపోయినా గడప దాటకండి" అన్నాడు తాత. "2014 అక్టోబరు 12న విశాఖలో ఏమైంది? హుద్‌హుద్ నడిమి భాగం ఊరి మీదికొచ్చింది. గాలి ఆగింది. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ మొదలైంది."