చిల్క సరస్సునకు క్రొత్త ద్వారము

విద్యార్థులారా! బరంపురమునుండి భువనేశ్వరమునకు రైలులో పోవునపుడు రంభ దాటగనే మీరందఱు కుడివైపు కిటికీల కడకు చేరుదురు. అచ్చట కన్పట్టు జలరాశియే చిల్క సరస్సు. వర్షకాలమున దాని వైశాల్యము సుమారు 1,165 చదరపు కిలోమీటర్లు; వేసవిలో 906కు తగ్గును. దయా, భార్గవి మొదలగు మహానది పాయలు ఉత్తరమునుండి మంచినీటిని తెచ్చును. సముద్రము తన ద్వారముగుండ ఉప్పునీటిని పంపును. ఈ రెండింటి పొత్తుననే సరస్సు బ్రదుకుచున్నది. పెక్కు జాతుల చేపలకును రొయ్యలకును పుట్టినిల్లు సముద్రము. పిల్లలు ద్వారముగుండ లోనికి వచ్చి సరస్సులో పెరుగును. ద్వారము పూడినచో ఆ రాక నిలిచిపోవును.

ఇరువదవ శతాబ్ది చివరి దశాబ్దములలో జరిగినది అదియే. నదులు తెచ్చిన ఒండ్రు మేటవేసెను. ఒడ్డువెంబడి కదలు ఇసుక ద్వారమును అంతకంతకు ఉత్తరమునకు నెట్టెను. కాలువ పూడి, ఉప్పదనము తగ్గి, మంచినీటి కలుపు సరస్సునందంతట వ్యాపించెను. 1981లో రామ్‌సార్ ఒడంబడిక జాబితాలో గౌరవముగా చేరిన సరస్సు, 1993లో అపాయమునందున్న జలాశయముల పట్టికకు ఎక్కెను. 1999-2000లో చేపలు, రొయ్యలు, పీతలు అన్నియు కలిపి దొరికినవి సుమారు 1,700 టన్నులు మాత్రమే. దానిపై ఆధారపడినవారో, దాదాపు రెండు లక్షలమంది!

ఇంతలో వ్యాపారులు రొయ్యల పెంపకమునకై సరస్సులోనే కట్టలు వేసి, వలలు చుట్టి, నీటిని ఆక్రమించుచుండిరి. తరతరముల జాలరులకు పడవ నడుపు త్రోవ సైతము కరవయ్యెను. 1999 మే నెలలో సొరన గ్రామమున ఈ తగవు ముదిరి, పోలీసు కాల్పులలో నలుగురు మరణించిరి. సరస్సు సంగతి కేవలము భూగోళ పాఠము కాదని నేను చెప్పుట ఇందువలననే.

పూనాలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధనాలయమున నమూనా పరీక్షలు జరిపిన మీదట, 2000 సెప్టెంబరు 23న సిపకుడ వద్ద ఇసుకదిబ్బను త్రవ్వి క్రొత్త ద్వారము తెరచిరి. సముద్రమునకు త్రోవ 18 కిలోమీటర్లు తగ్గెను. ఎగువ భూములలో నేలకోతను అరికట్టు పనులు గ్రామస్థులతో కలిసి చేసిరి. ఒక్కొక్క జాలరికి విడివిడిగా సాయము పంచుటకంటె ముందు నీటికి త్రోవ యిచ్చుటయే సరియైన క్రమమని నా అభిప్రాయము. 2001-02లో దొరికిన మత్స్యసంపద దాదాపు 12,000 టన్నులు! 2002లో సరస్సు అపాయపు పట్టికనుండి తొలగింపబడెను. ఆ యేటనే రామ్‌సార్ బహుమానమును పొందెను.

అయినను పని ముగియలేదు. చేపతోపాటు ఆశయు తిరిగి వచ్చినది. రొయ్యల కట్టలను అధికారులు పలుమారులు తొలగించిరి. అవి మరల మరల వెలసినవి. నీటిని బాగుచేయుటకు ఒక త్రవ్వకము చాలినది కాని, అందలి పాలు ఎవరికి ఎంత యను లెక్క అంత సులభముగా తేలునది కాదు. గంజాం తీరమున తెలుగు మాటలాడు నోళియా జాలరులకు సముద్రమే ప్రధాన జీవనాధారమైనను, ఈ లెక్కతో వారికిని పనియున్నది.

ఈమారు రైలు కిటికీనుండి చూచునపుడు నీటిలో పాతిన కఱ్ఱల వరుసలు కన్పించినచో, అవి ఎవరివో, ఎందులకు పాతిరో పెద్దలనడిగి తెలిసికొని, మీ నోటు పుస్తకములలో వ్రాసికొని రండు.