ఆయిల్ ఇంజను పంపులకు గొట్టపు క్లాంపులు: ఎంపిక, సంరక్షణ

చోడవరము ప్రాంతమున చెరకు పిలకలు తొడుగు కాలమును, ఎండలు ముదురు కాలమును ఒక్కటే. మాఘ ఫాల్గుణములలో నాటిన తోటకు చైత్ర వైశాఖములలో వారము పది దినములకొక తడి ఇవ్వక తప్పదు. ఈ ప్రాంతము 2022 ఏప్రిల్‌లో విశాఖపట్నం జిల్లానుండి విడివడి అనకాపల్లి జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినను, శారదానది, బొడ్డేరుల ప్రక్కన బావులమీదను ఏటి గుంటలమీదను ఇంజను పెట్టి నీరు తోడుకొను రైతుల పని మారలేదు.

ఇంజను బాగుగానే నడచును, డీజిల్ ఉండును, బావిలో నీరును ఉండును. అయినను పంపు నీరు ఎత్తదు. అప్పుడు ఇంజను విప్పింతురు, పంపు విప్పింతురు. పలుమారు తప్పు గొట్టమునకు బిగించిన చిన్న క్లాంపులో ఉండును. దానిని ఎట్లు ఎన్నుకొనవలెనో, ఎట్లు కాపాడుకొనవలెనో ఈ పాఠములో తెలిసికొందము.

కంటికి కనబడని లోపము

పంపు నీటిని లాగుచున్నదని మనము అనుచుందుము. నిజమునకు నీటిని పైకి నెట్టునది బయటి గాలి బరువు. పంపు తిరుగునపుడు సక్షన్ గొట్టములో ఒత్తిడి తగ్గును. బయటి గాలి బావి నీటిని ఆ గొట్టములోనికి నెట్టును. సముద్రమట్టమున గాలి నిలుపగల నీటి ఎత్తు 10.3 మీటర్లు మాత్రమే. గొట్టపు రాపిడి మొదలగు నష్టములు పోగా, నీటిమట్టమునకు పంపునకు మధ్య ఎత్తు 6 మీటర్లు, అనగా సుమారు 20 అడుగులు, మించకుండ చూచుకొనుట క్షేమము.

డెలివరీ గొట్టమువద్ద క్లాంపు వదులైన నీరు బయటికి చిమ్మును. మీకు వెంటనే తెలియును. సక్షన్ గొట్టమువద్ద వదులైన మాత్రము చుక్క నీరు బయటికి రాదు. గాలి లోపలికి పోవును. మొదట ధార తెల్లగా నురుగుతో, ఆగి ఆగి పడును, తరువాత సన్నగిల్లును, చివరకు పంపు గాలి పట్టి నీటిని వదలివేయును.

మరియొక సంగతి గమనింపుడు. బావిలో నీరు దిగినకొలది గొట్టములోని ఒత్తిడి ఇంకను తగ్గును. అందుచేత పుష్యమాసములో తప్పు చూపని క్లాంపే వైశాఖములో గాలి పీల్చును. బావిలో నీరు చాలదని రైతు అనుకొనును. కొరత నీటిది కాదు, బిగువుది.

నష్టము తడి తప్పుటతో ఆగదు. కొన్ని ఇంజనులకు చల్లబరచు నీరు పంపు డెలివరీ నుండియే సన్నని గొట్టము ద్వారా అందును. పంపు నీటిని వదలివేసిన ఆ నీరును ఆగిపోవును. రైతు చేనిలో మడవ మార్చుచుండగా ఇంజను కాగి, పిస్టను పట్టివేయవచ్చును. నీరు లేక తిరిగిన పంపు సీలు కూడ మాడిపోవును. చిన్న క్లాంపు వెలకును, ఈ మరమ్మతు ఖర్చుకును పోలిక లేదు.

ఎట్టి క్లాంపు కొనవలెను?

పట్టీమీద గాట్లుండి, స్క్రూ తిప్పగా బిగియు క్లాంపు ఎక్కువ వాడుకలో నున్నది. బ్రిటిషు నౌకాదళములో పనిచేసిన లమ్లీ రాబిన్సన్ 1921లో దీనిని రూపొందించెను. ఇది గొట్టమును చుట్టును ఇంచుమించు సమానముగా నొక్కును. బైండింగు తీగె అట్లు కాదు. మెలివేసిన చోట బిగిసి, ఇతర చోట్ల వదులుగా ఉండి, రబ్బరును కోయును. తీగెను ఆపద్ధర్మముగా వాడి, మరునాడే తీసివేయవలెను.

కొలత: గొట్టము లోపలి కొలతను బట్టి క్లాంపు కొనరాదు, బయటి కొలత కావలెను. క్లాంపు కూర్చుండు చోట గొట్టము చుట్టును దారము చుట్టి కొలువుడు. ఆ కొలతను 3.14తో భాగించిన అడ్డుకొలత వచ్చును. దారము 283 మిల్లీమీటర్లు వచ్చినచో అడ్డుకొలత 90 మిల్లీమీటర్లు. దానికి 80 నుండి 100 వరకు అని ముద్రించిన క్లాంపు సరిపోవును. మీ కొలత ఆ రెండు అంకెల నడుమకు రావలెను, చివరకు రాకూడదు.

లోహము: జింకు పూతగల ఇనుప క్లాంపు చౌక, కాని తడిలో త్రుప్పు పట్టును. స్టెయిన్‌లెస్ స్టీలుది వెల ఎక్కువైనను ఏండ్ల తరబడి నిలుచును. పట్టీ స్టెయిన్‌లెస్ అయి, స్క్రూ మాత్రము మామూలు ఇనుముదైనవి కూడ అమ్ముదురు. అట్టివానిలో స్క్రూ ముందు త్రుప్పు పట్టి తిరుగక మొరాయించును. పట్టీ, స్క్రూ రెండును స్టెయిన్‌లెస్ అయినదానినే అడిగి కొనుడు.

పట్టీ: గాట్లు అడుగువరకు తెగియున్న పట్టీ మెత్తని రబ్బరును కొరుకును. గాట్లు పైన మాత్రమే అచ్చుపడి, అడుగు నున్నగా నున్న పట్టీ మేలు. సన్నని డీజిల్ గొట్టములకు నున్నని పట్టీగల చిన్న క్లాంపులే వాడుడు.

బిగించు విధము

1. గొట్టపు కొస పగిలియున్న, ఆ మేర చక్కగా అడ్డముగా కోసివేయుడు. ఇనుప మూతిమీది త్రుప్పును, బురదను గీకివేయుడు.

2. గొట్టమును మూతిపైకి పూర్తిగా ఎక్కింపుడు. క్లాంపును గొట్టపు కొసకు సుమారు 6 మిల్లీమీటర్లు లోపల కూర్చోబెట్టుడు. మూతికి ఉబ్బుకట్టు ఉన్నయెడల క్లాంపు ఆ కట్టు దాటి, ఇంజను లేక పంపు వైపున ఉండవలెను, కట్టుమీద ఉండరాదు.

3. చేతి స్క్రూడ్రైవరుతో బిగింపుడు. రబ్బరు పట్టీ అంచులను దాటి ఉబ్బుచున్నను, గాట్లలోనుండి పైకి పొడుచుకొని వచ్చుచున్నను బిగువు మితి మీరినదని అర్థము.

4. రబ్బరు నొక్కుడుకు సర్దుకొనును. కావున మొదటి దినము ఇంజను నడచి ఆగి చల్లారిన పిమ్మట మరల ఒకసారి బిగింపుడు.

5. బయట మెలికల గట్లుగల ప్లాస్టిక్ సక్షన్ గొట్టముపై బల్లపరుపు పట్టీ గట్లమీదనే ఆనును. నడుమ కాలువలగుండ గాలి పోవును. అట్టి గొట్టములకై మెలికకు సరిపడ చేసిన తీగె క్లాంపులు దొరుకును. అవి లేనిచో కాలువలను రబ్బరు పట్టీతో నింపి, పైన క్లాంపు బిగింపుడు.

సముద్రములో తిరుగు మరపడవలకు, నీటిమట్టమునకు దిగువనుండు గొట్టముల కొసలకు రెండేసి క్లాంపులు బిగించు పద్ధతి కలదు. అక్కడ ఒకటి ఊడిన పడవలోనికి సముద్రము వచ్చును. మీ సక్షన్ గొట్టమునకును ఇది మంచి పద్ధతియే. రెండు స్క్రూలు ఎదురెదురు దిక్కుల నుండవలెను. అయితే రెండు క్లాంపులకు చాలినంత పొడవు మూతికి ఉన్నప్పుడే ఇట్లు చేయుడు. మూతి దాటిన క్లాంపు అడుగున ఆధారము లేక గొట్టమును కోయును.

పరీక్ష, సంరక్షణ

ఇంజను ఆగియున్నప్పుడే పరీక్ష సులభము. ఫుట్‌వాల్వు ఉన్న గొట్టమును, పంపును నీటితో నింపి 15 నిమిషములు ఆగుడు. అప్పుడు నీటి ఒత్తిడి లోపలినుండి బయటికి ఉండును గనుక, నడచునపుడు గాలి పీల్చు చోట ఇప్పుడు చెమ్మ కనబడును. చెమ్మ ఎచ్చటను లేక నీటిమట్టము మాత్రము దిగినచో ఫుట్‌వాల్వును చూడుడు. ఇంజను నడుచుచుండగా బెల్టు దగ్గర చేయి పెట్టి క్లాంపు బిగించుట ప్రమాదకరము, ఎన్నడును చేయరాదు. వేడి నీటి గొట్టపు క్లాంపును ఇంజను పూర్తిగా చల్లారిన పిదపనే విప్పుడు.

కొందరు అతుకులకు బురద మెత్తుదురు. అది ఆరి బీటలు వారువరకే పనిచేయును. ఆ పూట తడి ముగిసిన పిదప క్లాంపు సంగతి చూడుడు.

వానలు పట్టి ఇంజను ఇంటికి చేర్చునపుడు క్లాంపులను కడిగి, తుడిచి, స్క్రూలకు నూనె చుక్క వేసి, వదులుచేసి ఉంచుడు. తిరిగి తడులు మొదలగుటకు ముందు ఒక్కొక్కటి తిప్పి చూడుడు. గాటు సాగినది, స్క్రూ జారునది, పట్టీ వంగినది పారవేయుడు. గొట్టము ఎండి బీటలు వారినచో కొత్త క్లాంపు దానిని బాగుచేయజాలదు, గొట్టమునే మార్చవలెను.

ఇంజను పెట్టెలో మీ గొట్టమునకు సరిపడు క్లాంపులు రెండు, స్క్రూడ్రైవరు ఒకటి ఎల్లప్పుడు ఉంచుకొనుడు. నడివేసవిలో ఏటి ఒడ్డున పంపు నీటిని వదలినప్పుడు చోడవరము బజారు వరకు పోయి వచ్చులోపల ఒక తడి ప్రొద్దు గడచిపోవును.