ఇంటియందు కుట్టుపని – తొలి కుర్తా పాఠము

కూడు, గుడ్డ, గూడు అను మూడు అవసరములలో మొదటిదానిని సమకూర్చుకొనుట అందరును ఎంతో కొంత నేర్చుకొందురు. కాని ప్రతిదినము ధరించు వస్త్రము ఎట్లు రూపొందునో చదువుకొన్నవారిలో పెక్కుమందికి తెలియదు. మీటరు గుడ్డ వెల యెంతయో చెప్పగలరు. అందు పడుగు ఏదియో, పేక ఏదియో చెప్పలేరు. కుట్టుపని స్త్రీల పనియనియో, దర్జీల పనియనియో తలచుటయే ఇందులకు కారణము. నిజమునకు ఇది గణితమును చేతినేర్పును కలిసిన విద్య. విద్యార్థినులును విద్యార్థులును సమానముగా అభ్యసింపదగినది.

ఈ విద్యయందు ఉర్దూ, తెలుగు భాషలు చిరకాలముగా కలిసి మెలిసి ఉన్నవి. దర్జీ, జేబు, కుర్తా, పైజామా అను మాటలు ఇరు భాషలవారి నోటను ఒక్కటే. పైజామా యను పదములో పారసీ భాషనుండి వచ్చిన రెండు మాటలు కలవు: ‘పాయ్’ అనగా కాలు, ‘జామా’ అనగా వస్త్రము.

యంత్రము సంగతి

1830లో ఫ్రాన్సు దేశీయుడగు తిమోనియే కుట్టు యంత్రమునకు పేటెంటు పొందెను. 1846లో అమెరికాలో ఎలియాస్ హోవేయు, 1851లో ఐజాక్ సింగరును తమ యంత్రములకు పేటెంట్లు పొందిరి. చేతిసూదికి బెజ్జము వెనుక నుండును. యంత్రపు సూదికి మొనవద్ద నుండును. పైదారము గుడ్డను దాటి క్రిందికి దిగి, బాబిను దారముతో పెనవేసుకొనుటచే కుట్టు బిగియును. యంత్రములను విమర్శించిన గాంధీజీ సైతము 1924లో సింగర్ కుట్టుమిషనును తమ విమర్శనుండి మినహాయించిరి.

ఐనను మిషను లేదని ఎవరును వెనుకాడ నక్కరలేదు. సూది, దారము, మంచి కత్తెర, కొలత టేపు, సుద్దముక్క, వ్రేలికి తొడుగు అంగుస్తానా ఉన్నచో పని ఆరంభింపవచ్చును. సూది కొనునపుడు ఒక భేదము గమనింపవలెను. చేతిసూదులలో సంఖ్య పెరిగినకొలది సూది సన్నమగును. మిషను సూదులలో సంఖ్య పెరిగినకొలది లావగును. సాధారణ నూలు గుడ్డకు మిషను సూది 14వ నంబరు తగును.

కొలత, కత్తిరింపు

తొలి ప్రయత్నమునకు జాకెట్టు గాని, చొక్కా గాని తగవు, వానిలో వంపులెక్కువ. మన పాత పద్ధతి కుర్తా మిక్కిలి అనుకూలము. అది దాదాపు అంతయు దీర్ఘచతురస్రములతోనే ఏర్పడును.

ఛాతీ చుట్టుకొలత 34 అంగుళములు, కుర్తా పొడవు 38 అంగుళములు అనుకొందము. ఊపిరి పీల్చుటకు, కదలుటకు 6 అంగుళముల వదులు కలుపగా 40 అగును. అందు సగము ముందు భాగము, సగము వెనుక భాగము. ఒక్కొక్కటి 20 అంగుళములు. ఇరుప్రక్కల కుట్టులకు అర అంగుళము చొప్పున కలుపగా వెడల్పు 21 అంగుళములు. భుజములమీద కుట్టు లేకుండ ముందు వెనుకలు ఒకే గుడ్డగా తీసుకొందుము. గాన పొడవు 38కి రెండింతలు 76. అంచుల మడతకు మరి 2. మొత్తము 78 అంగుళములు, అనగా ఇంచుమించు రెండు మీటర్లు.

36 అంగుళముల పన్నా గల గుడ్డలో 21 పోగా 15 అంగుళముల పట్టీ మిగులును. అందు 21 అంగుళముల పొడవుగల చేతులు రెండును, 4 అంగుళముల చదరపు ముక్కలు రెండును, మెడపట్టీయు, జేబును వచ్చును. గుడ్డ వృథా కాదు. నూలు గుడ్డ తడిసినచో కుంచించును. కావున రెండుంబావు మీటర్లు కొని, ఒక రాత్రి నీట నానబెట్టి, ఆరవేసి, ఇస్త్రీ చేసిన పిదపనే కత్తెర పట్టవలెను. పడుగు నిలువున ఉండునట్లు పరచవలెను. లేనిచో ఉతికిన వెనుక కుర్తా ఒకప్రక్కకు లాగుకొనును.

మెడను మొదట చిన్నదిగానే కత్తిరింపవలెను. చిన్నదానిని పెద్దది చేయవచ్చును. పెద్దదానిని చిన్నది చేయుట సాధ్యము కాదు. తల దూరుటకు ముందు భాగమున 7 అంగుళముల చీలిక చాలును.

కుట్టు క్రమము

1. ముందుగా మెడకు, చీలికకు పట్టీ వేయవలెను. గుడ్డ చదునుగా నున్నపుడే ఈ పని సులభము.

2. చేతి నడిమి గుర్తును భుజపు మడతకు సరిగా నుంచి, చేతిని మొండెమునకు కుట్టవలెను.

3. చదరపు ముక్కను చంకలో అమర్చవలెను. దీనినే ఉర్దూలో చౌబగలా అందురు. బగల్ అనగా చంక. దాని నాలుగు అంచులలో రెండు చేతికి, రెండు మొండెమునకు కలియును. చేయి పైకెత్తినపుడు కుర్తా పైకి లాగుకొనకుండ కాపాడునది ఈ చిన్న ముక్కయే.

4. ముంజేతి అంచునుండి చంకమీదుగా ప్రక్క కుట్టు వేయవలెను. క్రింద 9 అంగుళములు చాకుగా విడువవలెను. పిదప అంచులు మడిచి కుట్టవలెను.

ప్రతి కుట్టునకు ముందు కచ్చాకుట్టు వేసి, తొడిగి చూచుట మంచిది. చేతితో కుట్టువారు ప్రక్కలకు బఖియా, అనగా వెనుకకు మరలి ముందుకు సాగు కుట్టు, వేయవలెను. తప్పిన కుట్టును విప్పుటకు సిగ్గుపడరాదు. విప్పుటయు ఈ విద్యలో ఒక భాగమే.

ఈ విద్య విలువ

మన పట్టణములలో అనేకమంది స్త్రీలు ఇంట కూర్చుండి, ఇతరులు కత్తిరించి యిచ్చిన ముక్కలను పీసు లెక్కన కుట్టుచున్నారు. వారి కుట్టులో లోపము లేదు. కాని కొలత, కత్తిరింపు ఎరుగనివారికి దక్కునది కుట్టుకూలి మాత్రమే. ఆ రెండును ఎరిగినవారు గుడ్డ తెచ్చినవారికి తామే కొలత తీసి, తామే కత్తిరించి, తమ పనికి తామే వెల చెప్పగలరు. మొదటివారికి, రెండవవారికి గల అంతరము ఒక టేపు, కొంచెము లెక్క. ఆ లెక్క కళాశాలలో చదువు విద్యార్థికి కష్టము కాదు. తాను నేర్చి, ఇంటనున్న తల్లికో, చెల్లెలికో, పొరుగువారికో నేర్పినచో ఒక కుటుంబమునకు ఆధారము కల్పించినవారమగుదుము.

కళాశాల పాలకవర్గమువారు వారమునకొక గంట, నాలుగు కత్తెరలు, రెండు మిషనులు ఏర్పాటు చేసినచో ఈ పని ఇక్కడనే ఆరంభము కాగలదు. ఒక్క కుర్తా స్వయముగా కుట్టిన విద్యార్థి ఇకమీదట దర్జీతో కూలివద్ద బేరమాడుటకు సంకోచించును. అదియును చదువులో భాగమే.