ఆరోగ్య పాఠం: కొళాయి నీళ్లలోకి మురుగు ఎలా వస్తుంది?



మన అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. కొళాయి వచ్చిందంటే బిందెలు నింపుకోవాలన్న ఆత్రమే తప్ప, ఆ నీళ్లు ఎలాంటివో చూసే తీరిక ఉండదు. అయితే పాత పేటల్లో వాంతులు, విరేచనాలు ఎక్కువగా ఆ బిందెతోనే ఇంట్లోకి వస్తాయి.

ఎలాగంటే, ఇరుకు సందుల్లో తాగునీటి పైపు, మురుగు కాలువ పక్కపక్కనే ఉంటాయి. కొన్నిచోట్ల పైపు కాలువలో నుంచే ఇంటికి వస్తుంది. నీళ్లు వదిలినప్పుడు పైపు నిండుగా ఉంటుంది. చిల్లు ఉంటే నీళ్లు బయటికి కారుతాయి. నీళ్లు ఆపగానే పైపు ఖాళీ అవుతుంది. అప్పుడు అదే చిల్లులోంచి మురుగు లోపలికి చేరుతుంది. మరుసటిసారి ముందుగా మన బిందెలో పడేది అదే. మోటారు పెట్టి లాగితే మురుగు ఇంకా ఎక్కువగా వస్తుంది. నేలలో గుంత తవ్వి కొళాయి పెట్టుకున్నవారికీ ఇదే ప్రమాదం.

ఇది వట్టి భయం కాదు. 2009 మేలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట ప్రాంతంలో తాగునీరు కలుషితమై వందలాది మంది ఆస్పత్రుల పాలయ్యారు. పలువురు చనిపోయారు. రెండూ పాత పేటలే.

మనం చేయవలసినవి:

1. మొదట వచ్చే నీళ్లు తాగడానికి పట్టవద్దు. రంగు, వాసన పోయేదాకా వేరే బకెట్టులో పట్టి మరుగుదొడ్డికి వాడండి.
2. నీళ్లు తేటగా కనిపించినా క్రిములు ఉండవచ్చు. తాగే నీళ్లు తెర్లేదాకా కాచి, మూత పెట్టండి. లేదా క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగండి.
3. బిందెలో చెయ్యి ముంచకండి. కాడ ఉన్న గరిటెతో తీయండి.
4. చంటిబిడ్డల మలం కాలువలో పారేయకండి; మరుగుదొడ్డిలో వేసి, సబ్బుతో చేతులు కడుక్కోండి.
5. పైపు కారుతుంటే వీధివారంతా కలిసి నగరపాలక సంస్థకు అర్జీ రాసి ఇవ్వండి. ఒక్క ఇల్లు కాచుకున్నంత మాత్రాన వీధి బాగుపడదు.

బిడ్డకు విరేచనాలైతే తల్లిపాలు, అన్నం ఆపవద్దు. ఒక ఓఆర్ఎస్ పొట్లం మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి, కొద్దికొద్దిగా తాగించండి. డాక్టరు చెప్పినట్లు జింకు బిళ్లలు 14 రోజులు వేయండి. కళ్లు లోతుకు పోయినా, మూత్రం తగ్గినా, బిడ్డ మగతగా ఉన్నా, మలంలో రక్తం కనబడినా వెంటనే ఆస్పత్రికి తీసుకురండి. తెల్లారేదాకా ఆగవద్దు.

ద్వితీయోపదేశకాండము 23:12-13 చదవండి. పాళెములోని వారు మలాన్ని వెలుపల మట్టితో కప్పాలని అక్కడ ఆజ్ఞ ఉంది. శుభ్రత ఒక్కరి పని కాదు, పాళెమంతటి పని.

కూడికలో మాట్లాడుకోండి: మన వీధిలో పైపు ఎక్కడ కాలువను దాటుతోంది? ఈ వారం వెళ్లి చూసేది ఎవరు?