ఆర్డర్‌లో లేని ఫ్రేమ్

నిజామాబాద్ జిల్లా ఆర్మూర్‌లో స్టూడియో నడిపేవారైనా, అందులో జీతానికి కెమెరా పట్టేవారైనా ఏడాదంతా ముహూర్తాల క్యాలెండర్ చుట్టూ తిరగాల్సిందే. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం, కార్తీకం వచ్చాయంటే నిద్ర ఉండదు. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వచ్చాయంటే ఫోన్ మోగదు. కెమెరా మీద, లెన్స్ మీద తీసుకున్న ఈఎంఐ మాత్రం మూఢం ఉందని ఆగదు. ఈ ఖాళీ నెలల్లోనే మనలో చాలామంది కెమెరా భుజాన వేసుకుని ట్రావెల్, వైల్డ్‌లైఫ్ అంటూ బయలుదేరతారు. ఆ పని ఎలా చేస్తే అసలు వృత్తి దెబ్బతినకుండా ఉంటుందో, వెళ్లిన తృప్తీ దక్కుతుందో మాట్లాడుకుందాం. ఏ ఆఫీసులోనో పనిచేస్తూ ఆదివారాలు కెమెరా పట్టుకునేవారికీ ఇందులో చాలావరకు వర్తిస్తుంది.

పెళ్లిలో మనం తీసే ప్రతి ఫ్రేమ్ ముందే తెలిసినదే. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అరుంధతి, అప్పగింతలు. ఒక్కటి తప్పినా పార్టీ ఊరుకోదు. పదేళ్లు అదే పని చేస్తే చేతికి వేగం వస్తుంది, కంటికి మాత్రం మొద్దుతనం పడుతుంది. ఎవరూ అడగని ఫొటో, ఎవరూ ఎదురుచూడని ఫొటో అనుకోకుండా దొరికినప్పుడు కలిగే ఆనందం ఆ మొద్దుతనాన్ని వదిలిస్తుంది. కరెంటు తీగ మీద కూర్చున్న పాలపిట్ట మీరు బైక్ ఆపిన క్షణానే ఎగిరి, ఆ నీలం రెక్కలు పూర్తిగా విప్పిందనుకోండి. ఆ ఫొటోకు బిల్లు వేయలేం. కానీ మర్నాడు పెళ్లిలో పెద్దమ్మ కళ్లు తుడుచుకునే అర సెకను మీ కంట పడేది అలాంటి అలవాటు వల్లే. నేను ఈ ఆనందాన్ని విలాసంగా చూడను. మన వృత్తిలో ఇది అవసరం.

అయితే అనుకోని క్షణాలు దొరకాలంటే ప్లాన్ ఉండకూడదని కొందరు అనుకుంటారు. అది తప్పు. ఆ సమయానికి ఆ చోట ఉండాలి, చేతిలో తొందర ఉండకూడదు, కెమెరా సిద్ధంగా ఉండాలి. ఈ మూడూ ప్లాన్ చేయాల్సినవే. ప్లాన్ చేయకూడనిది ఫొటో ఒక్కటే.

ఈ విషయంలో ఆర్మూర్ వాళ్లకు ఒక సౌకర్యం ఉంది. మన పని లేని నెలలే ఇక్కడి నేల మీద పని ఉన్న నెలలు. పుష్యం ఎక్కువగా జనవరి చుట్టూ పడుతుంది. అప్పుడు ఆర్మూర్, బాల్కొండ, వేల్పూర్, మోర్తాడ్ వైపు పసుపు తవ్వడం మొదలవుతుంది. తవ్వకం తర్వాత ఉడకబెట్టడం, ఆరబోయడం, పాలిష్ పట్టడం, ఆ తర్వాత నిజామాబాద్ మార్కెట్ యార్డు. అదే రోజుల్లో గోదావరి మీది శ్రీరాంసాగర్ ప్రాజెక్టు నీటిమట్టం తగ్గుతూ, నందిపేట వైపు బ్యాక్‌వాటర్ అంచుల్లో బురద మేటలు, గడ్డి నేలలు బయటపడతాయి. చలికాలపు వలస పక్షులు అక్కడ దిగుతాయి, కృష్ణ జింకలు ఆ గడ్డికి వస్తాయి. ఆషాఢంలో తొలి వానలకు పసుపు విత్తు నాటుతారు. భాద్రపదానికి గోదావరిలో వరద బాగా ఉంటే శ్రీరాంసాగర్ 42 గేట్లలో కొన్నింటిని ఎత్తుతారు, చూడటానికి జనం బారులు తీరతారు. పంచాంగం మన డైరీని ఖాళీ చేసిన ప్రతిసారీ ఊరి చుట్టూ ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. కవ్వాల్ పులుల అభయారణ్యానికి వెళ్లి సఫారీ జీపు ఎక్కే స్తోమత లేదని దిగులు పడేవారు ముందు ఇంటి నుంచి గంట దూరంలో ఉన్నది చూడాలి.

ఒక కేసు తీసుకుందాం. కృష్ణ జింకల కోసం తెల్లవారకముందే నందిపేట వైపు బయలుదేరారు. పొగమంచు దట్టంగా పట్టింది. ఎనిమిది దాటినా ఏమీ కనిపించలేదు. రోజు పోయిందన్న చిరాకుతో తిరుగు ముఖం పట్టారు. దారిలో ఒక చేను గట్టున పసుపు ఉడుకుతోంది. కడాయి నుంచి లేచే ఆవిరిలోకి ఎండ ఏటవాలుగా దిగుతోంది, దాని వెనుక మనుషులు నీడల్లా కదులుతున్నారు. చాలామంది ఇక్కడ బండి ఆపరు. కారణం తెలివి లేక కాదు. మనసులో ఇంకా జింకే ఉంటుంది, బ్యాగులో పెద్ద టెలీ లెన్స్ ఒక్కటే ఉంటుంది. అందుకే వైల్డ్‌లైఫ్‌కు వెళ్లినా ఒక చిన్న లెన్స్, కనీసం 35 ఎంఎం గానీ 24–70 గానీ దగ్గర పెట్టుకోండి. అదీ కొనలేకపోతే ఫోన్ ఉంది. వెళ్లింది దేనికన్నది మరిచిపోగలగాలి. ఇది చెప్పినంత తేలిక కాదు, అలవాటు చేసుకోవాలి.

బండి ఆపినవారు కూడా ఎక్కువగా సెట్టింగుల దగ్గర దెబ్బతింటారు. పక్షి కోసం పెట్టిన 1/2000 షట్టర్, 6400 ఐఎస్ఓ అలాగే ఉంటాయి. మొదటి ఇరవై ఫ్రేములు పనికిరాకుండా పోతాయి, ఆ ఇరవైలోనే అసలు ఫ్రేమ్ ఉంటుంది. దీనికి మందు కస్టమ్ మోడ్‌లు. సీ1లో పరుగెత్తే, ఎగిరే వాటి సెట్టింగు: 1/1600కు తగ్గని షట్టర్, ఆటో ఐఎస్ఓ, కంటిన్యువస్ ఫోకస్, బర్స్ట్. సీ2లో మనుషులు, పనులు: 1/250, సింగిల్ షాట్, కొంచెం అండర్ ఎక్స్‌పోజర్. డయల్ ఒక్కసారి తిప్పితే మారిపోవాలి. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడే ఒకసారి తిప్పి చూసుకోండి.

పసుపు దగ్గర ఇంకో చిక్కు ఉంది. పుస్తకాల్లో దొరకదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. కళ్లంలో ఎకరం మేర పసుపు ఆరబోసి ఉన్నప్పుడు ఫ్రేమ్ అంతా ఒకటే రంగు. ఆటో వైట్ బ్యాలెన్స్ అది లైటు రంగు అనుకుని దాన్ని తగ్గించబోతుంది. పసుపు పాలిపోతుంది, పక్కనున్న మనుషుల ముఖాలు నీలంగా మారతాయి. డేలైట్‌కు లాక్ చేయండి. రెండోది, మామూలు హిస్టోగ్రాం బాగానే ఉన్నట్టు చూపిస్తుంది కానీ ఎరుపు చానెల్ ఎప్పుడో కాలిపోయి ఉంటుంది. తర్వాత ఎంత లాగినా కొమ్ము మీద గీతలు, మట్టి మరకలు తిరిగి రావు, ఒట్టి పసుపు మచ్చ మిగులుతుంది. ఆర్‌జీబీ హిస్టోగ్రాం పెట్టుకుని, రా ఫార్మాట్‌లో తీయండి. మూడోది పాలిష్ డ్రమ్ములు. అక్కడ లేచే దుమ్ము చాలా సన్నం. ఆ చుట్టుపక్కల లెన్స్ మార్చారంటే సెన్సర్ మీదకు చేరుతుంది. దూరంగా వచ్చి, ముందు బ్లోయర్‌తో ఊది, ఆ తర్వాతే గుడ్డ పెట్టండి. ఊదకుండా తుడిస్తే కోటింగ్ మీద గీతలు పడతాయి.

ఇక మనుషులు. కెమెరా చూడగానే కొందరు తల తిప్పుకుంటారు, కొందరు పోజు ఇస్తారు. రెండిటితోనూ క్షణం పోతుంది. కెమెరా కిందికి దించి ముందు ఆసామితో, పనిచేసేవాళ్లతో మాట్లాడండి. ఎవరు మీరు, ఫొటో ఎక్కడికి పోతుంది అని వాళ్లు అడుగుతారు. 2025 జనవరి 14న నిజామాబాద్‌లో జాతీయ పసుపు బోర్డు మొదలైంది కాబట్టి మిమ్మల్ని ఏ అధికారో, విలేకరో అనుకోవచ్చు. కాదని స్పష్టంగా చెప్పండి. పేపర్లో వేయిస్తాను, రేటు వచ్చేలా చేస్తాను లాంటి మాటలు నోటి నుంచి రాకూడదు. మాట్లాడాక అరగంట ఊరికే ఉండండి. మీరు ఉన్నారన్న సంగతి వాళ్లు మరిచిపోయాకే పని తన మానాన సాగుతుంది, మీకు కావాల్సింది అప్పుడు కనిపిస్తుంది. గుత్తకు పని చేసేవాళ్లను ఆపి, ఆ గంప ఇంకోసారి ఎత్తమ్మా అనడం వాళ్ల కూలీ సమయాన్ని తినడమే. పైగా రెండోసారి ఎత్తిన గంపలో మొదటి దాని బరువు ఉండదు, ఫొటోలో అది తెలిసిపోతుంది. వద్దన్నవారి ఫొటో తీయకండి, తీసి ఉంటే వాళ్ల ముందే డిలీట్ చేయండి. ప్రింట్ ఇస్తానంటే ఇవ్వండి. వచ్చే ఏడాది మిమ్మల్ని ఆ చేనులోకి రానిచ్చేది ఆ ప్రింటే.

జంతువుల విషయంలో తప్పు చేస్తే వ్యవహారం మాటలతో ముగియదు. కృష్ణ జింక 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది. ఆ చట్టం ప్రకారం వేట అంటే చంపడం ఒక్కటే కాదు, తరమడం, ఎర వేయడం కూడా వేటే. గెంతే జింక రీల్ కావాలని బైక్‌తో మంద వెంట పడేవారికి ఈ సంగతి తెలియదు. మొదటి షెడ్యూల్ జంతువు వేటకు శిక్ష మూడేళ్లకు తగ్గని జైలు. బైక్ దూరంగా ఆపి కూర్చుంటే, గాలి మీ నుంచి వాటి వైపు వీచకుండా చూసుకుంటే, జింకలు తమంతట తామే దగ్గరికి వచ్చే అవకాశం ఉంది. రాకపోతే లేదు. డ్రోన్ ఎగరేసే ముందు డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ జోన్‌లో ఉందో చూడండి. ప్రాజెక్టు కట్ట దగ్గర అనుమతి లేకుండా అసలే వద్దు. మ్యాప్ అనుమతించినా పక్షుల గుంపు మీద ఎగరేయకండి. గూడు కనిపిస్తే దగ్గరికి వెళ్లకండి. లొకేషన్ ట్యాగ్ తీసేసి పోస్ట్ చేయండి, లేకపోతే వచ్చే ఆదివారం అక్కడ పది బైకులు ఉంటాయి.

దసరా రోజుల్లో ఇంకో ఉచ్చు ఉంటుంది. పాలపిట్టను చూస్తే శుభమని, పట్టి పంజరంలో పెట్టి డబ్బులకు చూపించేవారు వస్తారు. అది మన రాష్ట్ర పక్షి, బంధించడం నేరం. రెక్కలు కట్టేసిన ఆ పిట్టను దగ్గరగా తీసి అడవి పక్షి ఫొటో అని పెట్టుకోవడం నేరానికి గిరాకీ పెంచడమే. అటవీ శాఖకు ఫోన్ చేయండి.

అనుకోకుండా దొరికినట్టు నటించడం వల్ల ఎంత నష్టమో పెద్దవాళ్ల అనుభవం చెబుతుంది. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నిర్వహించే వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్ పోటీలో 2009లో గేటు మీంచి దూకే తోడేలు ఫొటోకు మొదటి బహుమతి వచ్చింది. అది మచ్చిక చేసిన తోడేలు అయి ఉండాలని న్యాయనిర్ణేతలు తేల్చి 2010 జనవరిలో బహుమతి వెనక్కి తీసుకున్నారు. అదే పోటీలో 2017లో గెలిచిన చీమలు తినే జంతువు (యాంట్‌ఈటర్) ఫొటోలో ఉన్నది చచ్చిన జంతువు చర్మంతో చేసిన బొమ్మ అని నిపుణులు నిర్ధారించడంతో 2018లో దాన్నీ తొలగించారు. ఆ ఫొటోలు తీసిన ఇద్దరూ తాము తప్పు చేయలేదనే అన్నారు. అయినా పేరు పోయింది. పెళ్లి ఫొటోలో లైటు పెట్టుకోవడం, దండ సర్దడం మన పని. వైల్డ్‌లైఫ్‌లో ఆ పని చేసి చెప్పకపోతే మోసం.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. స్టూడియోలో జీతానికి ఉన్నవారు ఒక నియమం తెలుసుకోవాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగంలో భాగంగా తీసిన ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు యజమాని. డబ్బు తీసుకుని ఒకరి కోసం తీసిన ఫొటో విషయంలోనూ అంతే, హక్కు తీయించుకున్నవారిది. ప్రీ వెడ్డింగ్ షూట్‌కు ఓనర్ పంపితే వెళ్లి, మధ్యలో ఓనర్ కెమెరాతో తీసిన పక్షి ఎవరిదన్న గొడవ తర్వాత రాకూడదంటే ముందే మాట్లాడుకోండి. వాట్సాప్‌లో రెండు లైన్ల మెసేజ్ చాలు: డ్యూటీ లేని రోజు గానీ, షూట్ మధ్య ఖాళీలో గానీ నా సొంతానికి తీసినవి నావి. చాలామంది ఓనర్లు ఒప్పుకుంటారు. వాళ్లకు కావాల్సింది మర్నాడు ముహూర్తానికి మీరు నిద్ర మొహంతో రాకుండా ఉండటం.

అసలు నష్టం జరిగేది అక్కడే. రాత్రి ఒంటి గంటకు రిసెప్షన్ అయిపోతుంది, నాలుగింటికి అదే బ్యాగుతో బ్యాక్‌వాటర్‌కు పోతారు. పెళ్లి డేటా ఉన్న కార్డు నిండింది కదా అని ఫార్మాట్ కొట్టేస్తారు. ఏ పక్షి ఫొటో ఆ నష్టాన్ని పూడ్చలేదు. కార్డుల పౌచ్‌లు రెండు పెట్టుకోండి, పెళ్లివి ఒకటి, సొంతవి ఒకటి. రంగులు వేరుగా ఉండాలి. పెళ్లి డేటా రెండు చోట్ల కాపీ అయ్యేవరకు ఆ పౌచ్ ఇంటి గడప దాటకూడదు. ముహూర్తానికి ముందు రోజు వెళ్లకండి.

డబ్బు గురించి భ్రమ వద్దు. ప్రింట్లు అమ్మొచ్చు, స్టాక్ సైట్లకు పెట్టొచ్చు, పోటీలకు పంపొచ్చు, కానీ ఈఎంఐ లెక్కలో వీటిని రాయకండి. పోటీల నిబంధనలు చివరిదాకా చదవండి, ఎంట్రీ పంపితే చాలు వాడుకునే హక్కులన్నీ మావే అనేవి ఉంటాయి. ఉద్యోగం వదిలేసి వైల్డ్‌లైఫ్‌లోకి దిగుతామనేవారికి నా మాట ఒక్కటే: ముందు ఏడాదంతా ఖాళీ నెలల్లో వెళ్లి రండి. అమ్ముడుపోవాలన్న ఒత్తిడి పడగానే జింక రాకపోతే కోపం వస్తుంది, ఆవిరి కనిపించదు. ఆనందం ముందు పోతుంది, ఆ వెనకే ఫొటో పోతుంది.

పంచాంగం తెరిచి వచ్చే పుష్యంలో రెండు రోజులు ఎంచుకుని డైరీలో ఇప్పుడే రాసుకోండి. ఆ తేదీకి ఏ బర్త్‌డే ఫంక్షన్ ఫోనో వస్తే, ఆ రోజు ఖాళీ లేదని చెప్పండి.