మన మెదక్ మేకలు

సర్రియలిజం అంటే మనకి డాలీ కరిగే గడియారాలే గుర్తొస్తాయి. కానీ మన పాత మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మా గౌడ్ గారి బొమ్మలు చూడండి. హైదరాబాద్‌లో, తర్వాత బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివారు. అయినా ఆయన స్టైల్ దొరికింది మాత్రం చదువయ్యి ఊరికి తిరిగొచ్చాకే. మనుషులు, మేకలు, చెట్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. నవ్వొస్తుంది, కొంచెం భయమూ వేస్తుంది.

ఎచింగ్స్ కూడా చేశారు. లోహపు రేకుకి మైనం పూత పూసి, సూదితో గీస్తారు. గీసిన చోట యాసిడ్ రేకుని తినేస్తుంది. కంట్రోల్ జెడ్ ఉండదు!

నేను ఐఐటీ ఫౌండేషన్ కోసం ఏడో క్లాస్‌లోనే డ్రాయింగ్ మానేశా. మొన్న సెలవుల్లో సిద్దిపేటలో మా వీధి మేకని గీశా. కుక్కలా వచ్చింది. చింపలేదు.