హాస్టల్లో గది ఎంచుకోవడం ఎలా?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. హాస్టల్లో గది పట్టి చూడు అని మన విద్యార్థులం మూడోది కలుపుకోవచ్చు.

ప్రతి సంవత్సరం వానాకాలం మొదట్లో మన హాస్టలు గేటు దగ్గర ఒకే దృశ్యం. ఒక చేత పెట్టె, ఒక చేత బకెట్టు, చంకలో పరుపుచుట్ట, వెనకాల తండ్రో మేనమామో. కేర్‌టేకర్ ఖాళీగా ఉన్న రెండు మూడు గదులు చూపించి "తొందరగా చెప్పు బాబూ, వెనక లైనుంది" అంటాడు. అయిదు నిమిషాల్లో ఏదో ఒకటి ఒప్పేసుకుంటాం. ఆ తర్వాత పది నెలలు దాని ఫలితం అనుభవిస్తాం. 2016 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ సీటు "దోస్త్" ద్వారా వస్తున్నది. ఏ కాలేజీ, ఏ గ్రూపు అని ఇంట్లో నెల రోజులు ఆలోచిస్తాం. ఉండబోయే గది గురించి మాత్రం ఎవరూ ఆలోచించరు. నేనూ ఆలోచించలేదు. అందుకే ఈ వ్యాసం.

మాది వ్యవసాయ కుటుంబం. చెరువు కింద కొంత పొలం, మెరక మీద కొంత చెలక. మా బాపు ఎవరి పొలమైనా కౌలుకు పట్టేటప్పుడు అయిదు నిమిషాల్లో తేల్చడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్ళి చూస్తాడు. ఎండ ఎటు పడుతుంది, గాలి ఎటు కొడుతుంది, నీళ్ళు ఎంతవరకు వస్తాయి అని చూసి, చివరికి "గట్టు పక్కన ఎవరిది?" అని అడుగుతాడు. గదికి కూడా ఈ పరీక్షలే సరిపోతాయని నాకు మూడేళ్ళకు తెలిసింది. చదువుకున్న సైన్సు కూడా అదే చెబుతున్నది.

1. ఎండ

మొదటి సంవత్సరం నేను పట్టిన గది పై అంతస్తులో పడమటి కొసన ఉంది. చేరింది వానల్లో కాబట్టి చల్లగా, హాయిగా ఉంది. కిటికీలోంచి దూరాన గుట్ట కనిపించేది. ఇంకేం కావాలి అనుకున్నాను. మార్చి వచ్చాక అసలు సంగతి తెలిసింది.

మన ఉత్తర తెలంగాణ సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే నెల మధ్యలో ఒకసారి, జూలై చివర ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అంటే ఎండాకాలం మధ్యాహ్నపు ఎండ గోడల మీద కన్నా స్లాబు మీద ఎక్కువ పడుతుంది. పై అంతస్తు వాడికి ఆ స్లాబే ఆకాశం. పగలంతా తాగిన వేడిని అది రాత్రి కిందికి వదులుతుంది. ఫ్యాను వేస్తే ఆ వేడిగాలే మన మీదికి వస్తుంది.

ఇక గోడల సంగతి. పొద్దున ఎండ తూర్పు గోడ మీద, సాయంత్రం ఎండ పడమటి గోడ మీద పడుతుంది. రెండూ సమానమే కదా అనిపిస్తుంది. కానీ తొమ్మిది అంగుళాల ఇటుక గోడలోంచి వేడి లోపలికి రావడానికి అయిదారు గంటలు పడుతుంది. తూర్పు గోడ వేడి మనం క్లాసుల్లో ఉండగా లోపలికి వచ్చి, రాత్రికి తగ్గిపోతుంది. పడమటి గోడ వేడి మాత్రం సరిగ్గా మనం అన్నం తిని పుస్తకం తెరిచే వేళకు వస్తుంది. గోడకు చెయ్యి ఆనిస్తే రాత్రి పదింటికి కూడా రొట్టె పెనంలాగ ఉండేది.

మా ఊళ్ళో ఎడ్ల కొట్టానికి తూర్పు పక్క తెరిచి ఉంచి, పడమటి పక్క కందికట్టెతో దడి కడతారు. చిన్నప్పటినుంచి చూస్తున్నదే. ఎడ్లకు చూపించిన ఆ శ్రద్ధ నా గది మీద నాకు లేకపోయింది!

కాబట్టి కొత్తగా వచ్చే తమ్ముళ్ళకు నా సలహా: మధ్య అంతస్తు మేలు. కిటికీ ఉత్తరానికో దక్షిణానికో ఉంటే మరీ మేలు. డిసెంబరు నెలలో మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన దాదాపు 48 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు కాబట్టి దక్షిణపు కిటికీలోంచి ఎండ లోపలికి వచ్చి చలి కాచుకోవచ్చు. మే నెలలో సూర్యుడు నెత్తి మీదికి పోతాడు కాబట్టి అదే కిటికీలోంచి ఎండ రాదు. పై అంతస్తే దక్కితే దిగులు పడవద్దు. స్లాబు పైన తెల్ల సున్నం వేయించమని అందరూ కలిసి అర్జీ పెట్టండి. తెలుపు ఎండను తిప్పికొడుతుంది. మన రాష్ట్ర ప్రభుత్వమే 2023లో చల్లని పైకప్పుల విధానం ప్రకటించింది కాబట్టి అడగడంలో తప్పు లేదు.

2. గాలి

కూర్చుని చదువుకునే మనిషి గంటకు సుమారు 18 లీటర్ల కార్బన్ డయాక్సైడు వదులుతాడు. ముగ్గురైతే 54 లీటర్లు. పన్నెండు అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న గదిలో పట్టే గాలి సుమారు 34,000 లీటర్లు. గది పూర్తిగా మూసి ఉందనుకుంటే, గంట గడిచేసరికి ఆ వాయువు 0.16 శాతం దాకా పెరుగుతుంది. బయటి గాలిలో ఉండేది 0.04 శాతం మాత్రమే. అంటే బయటి గాలితో వచ్చినది కూడా కలిపితే ఒక్క గంటకే అయిదింతలు! దోమలకు భయపడి కిటికీలు బిగించుకుని చదివే మిత్రులు పుస్తకం ముందు కునుకు తీయడానికి సిలబసు ఒక్కటే కారణం కాదు.

గాలి రావడానికి ఒక దారి, పోవడానికి ఇంకో దారి ఉండాలి. కిటికీకి ఎదురుగా తలుపు ఉంటే మంచిది. రెండూ ఒకే గోడకు ఉంటే గాలి గుమ్మంలోంచే తిరిగి వెళ్ళిపోతుంది. పరీక్ష చాలా సులభం. నోటుబుక్కులోంచి సన్నటి కాగితపు పట్టీ ఒకటి చింపి, తలుపు తెరిచి, కిటికీ దగ్గర పట్టుకోండి. అది ఆడితే గది ఊపిరి పీలుస్తున్నట్టు. ఇంకో మాట. మనకు వడగాడ్పు పడమర, వాయవ్యం దిక్కుల నుంచి వస్తుంది. నైరుతి వానజల్లు కూడా పడమటి నుంచే కొడుతుంది. అటు కిటికీ ఉంటే ఎండాకాలం గాడ్పు, వానాకాలం తడిసిన రికార్డులు. నా ఫిజిక్సు రికార్డు అట్లాగే పోయింది.

3. నీళ్ళు

చెరువు తూము దగ్గరి మడికి నీళ్ళు ముందు పారుతాయి, కొసమడి రైతు రాత్రంతా కాపలా కాస్తాడు. హాస్టల్లో ట్యాంకు పైన ఉంటుంది కాబట్టి పై అంతస్తు వాడికే నీళ్ళు ముందు వస్తాయనుకుంటాం. నిజం దీనికి తలకిందులు. నీటి పీడనం ఎత్తును బట్టి ఉంటుంది. పది మీటర్ల నీటి ఎత్తుకు సుమారు ఒక వాతావరణ పీడనం. ఒక్కో అంతస్తు దిగేకొద్దీ మూడు మీటర్ల ఎత్తు కలుస్తుంది. కింది నల్లా దూకుతుంది, పై నల్లా కారుతుంది. పొద్దున ఏడింటికి కింద అందరూ ఒకేసారి తిప్పితే పైన చుక్క రాదు. పై అంతస్తు వాడే మన కొసమడి రైతు.

మరి బాత్‌రూముల పక్క గది తీసుకుంటే? నీళ్ళు దగ్గరే, కానీ చెమ్మ కూడా దగ్గరే. గోడను అరచేత్తో తడమండి. చల్లగా, జిగటగా ఉన్నా, సున్నం పొలుసులుగా లేచి తెల్లటి ఉప్పు పొంగినా ఆ గోడ నీళ్ళు పీలుస్తున్నదని అర్థం. చౌడుభూమిని చూసిన రైతుబిడ్డకు ఇది వేరే చెప్పనక్కరలేదు. ఆ గోడకు మంచం, పుస్తకాలు ఆనించకండి. బకెట్లలో పట్టి ఉంచిన నీళ్ళ మీద మూతలు పెట్టండి. డెంగీ దోమ మురుగులో కాదు, నిలవ ఉన్న మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుంది, కుట్టేదీ పగటి పూటే.

4. వెలుతురు, చప్పుడు

బల్బు నుంచి దూరం రెండింతలైతే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుందని ఇంటర్మీడియట్‌లోనే చదివాం. పరీక్షలో రాశాం, గదిలో మరిచిపోయాం. కాబట్టి గదిలో దీపం ఎక్కడుంది, మంచం ఎక్కడ పడుతుంది అన్నది చూసుకోవాలి. కుడిచేత్తో రాసేవాడికి వెలుతురు ఎడమ పక్క నుంచి రావాలి, లేకుంటే సొంత చెయ్యి నీడే అక్షరాల మీద పడుతుంది. ప్లగ్గులు కూడా లెక్కపెట్టండి. మూడు మంచాలు, మూడు సెల్‌ఫోన్లు, ఒక్క ప్లగ్గు అయితే స్నేహానికి పరీక్షే.

చప్పుడును డెసిబెళ్ళలో కొలుస్తారు. పది డెసిబెళ్ళు పెరిగితే శబ్ద తీవ్రత పది రెట్లు, ఇరవై పెరిగితే వంద రెట్లు. మెస్సు పక్క గది, మెట్ల పక్క గది, టీవీ హాలు పై గది ముందు బాగానే ఉంటాయి. క్రికెట్టు మ్యాచి రోజున అసలు రంగు తెలుస్తుంది.

5. పొరుగు

ఇంతవరకు చెప్పినవన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

నేను బస్సెక్కేటప్పుడు మా ఊరి పెద్దమనిషి ఒకాయన "పోయినంక మనోళ్ళ రూము చూసుకో పిలగా" అన్నాడు. మనోళ్ళు అంటే ఎవరో మీకు తెలుసు. ఈ అలవాటు కొత్తది కాదు. పల్లె పిల్లలకు పట్నంలో తలదాచుకునే చోటు లేని కాలంలో కులాల వారీగా వసతిగృహాలు వెలిశాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టిన 1918లోనే హైదరాబాదులో రెడ్డి హాస్టలు కూడా మొదలైంది. అట్లాంటి చోట్ల ఎందరో పల్లె పిల్లలు చదువుకుని పైకి వచ్చారు. అది ఆనాటి అవసరం. కానీ అందరి డబ్బుతో నడిచే హాస్టల్లో కూడా మనం అదే గీత గీసుకుని కూర్చుంటున్నాం. పై అంతస్తు, పడమటి కొస గది నేను పట్టింది అందుకే. కింద మంచి గది ఖాళీ ఉంది. కానీ "మనోడు" పైన ఉన్నాడు.

గదిలో మూడు మంచాలు, మేం ఇద్దరం. చేరిన వారం రోజులకు, ఒక సాయంత్రం వానలో తడుస్తూ ఒక అబ్బాయి రేకు పెట్టె మోసుకొచ్చాడు. చేతిలో కేర్‌టేకర్ ఇచ్చిన చీటీ ఉంది. నా గదివాడు "ఏ ఊరు?" అన్నాడు. చెప్పాడు. "ఇంటిపేరు?" అన్నాడు. చెప్పాడు. "మా చుట్టాలబ్బాయి వస్తున్నాడు, జాగా లేదు" అన్నాడు. ఆ అబ్బాయి ఖాళీ మంచం వైపు ఒకసారి చూసి, "సరే అన్నా" అని పెట్టె ఎత్తుకుని దిగిపోయాడు. నేను పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. నోరు మెదపలేదు. చుట్టాలబ్బాయి ఎవరూ రాలేదు. ఆ మంచం మీద ఏడాది పొడవునా మా విడిచిన బట్టలు, పచ్చడి సీసాలు ఉన్నాయి.

ఇది మర్యాద లేకపోవడం మాత్రమే కాదు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో వచ్చి, 1976 నుంచి పౌరహక్కుల పరిరక్షణ చట్టం అని పిలవబడుతున్న చట్టంలో, అంటరానితనం పేరుతో విద్యాసంస్థలో గాని దాని హాస్టల్లో గాని ప్రవేశం నిరాకరించడం నేరమని రాసి ఉంది. హాస్టలు అన్న మాట ఆ చట్టంలోనే ఉంది. నాకు ఆ రోజు తెలియదు. తెలిసినా మాట్లాడేవాణ్ణో లేదో, నిజం చెప్పాలంటే అనుమానమే.

ఆ అబ్బాయికి కింది అంతస్తులో బాత్‌రూముల పక్కన ఎవరూ వద్దన్న గది దక్కింది. ఒక గోడకు చెమ్మ ఉన్న మాట నిజమే. కానీ కిటికీ ఉత్తరానికి, తలుపు దానికెదురుగా ఉన్నాయి. ఏప్రిల్‌లో పై గదిలో ఉండలేక నేను పుస్తకాలు పట్టుకుని కింద వరండాలో మెట్ల మీద కూర్చునేవాణ్ణి. ఒక రాత్రి అతను బయటికి వచ్చి చూసి, "లోపలికి రారాదు, ఫ్యానుంది" అన్నాడు. బల్ల మీద తన పుస్తకాలు ఒక పక్కకు జరిపి సగం నాకిచ్చాడు. కెమిస్ట్రీ, లెక్కలు రెండు పేపర్లూ ఆ సగం బల్ల మీదనే చదివాను. రెండో సంవత్సరం ఆ గదిలోనే మంచం అడిగి తీసుకున్నాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

కొత్త మిత్రులకు చివరిగా రెండు మాటలు. 2009 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం మొదటి సంవత్సరం వాళ్ళకు వీలైనంతవరకు వేరే బ్లాకు ఇవ్వాలి. ర్యాగింగును 1997లోనే మన శాసనసభ చట్టం చేసి నిషేధించింది. ఎవరైనా బెదిరిస్తే వార్డెన్‌కు చెప్పడానికి జంకకండి. ఇక గది చూసేటప్పుడు గోడ తడమండి, కాగితం ఆడించండి, నల్లా తిప్పండి, పడమర ఎటో కనుక్కోండి. గదివాణ్ణి ఇంటిపేరు అడక్కండి. ఏ గ్రూపు, ఎన్నింటికి లేస్తావు, దీపం ఎన్నింటికి ఆర్పుతావు అని అడగండి. మీకు పనికొచ్చేవి అవే.

గట్టు పక్కోడు మంచోడైతే ఎకరం ఎక్కువున్నట్టే అంటాడు మా బాపు.

ఆ వాన సాయంత్రం సంగతి మా ఇద్దరి మధ్య ఎన్నడూ మాటలోకి రాలేదు. ఈ వ్యాసం రాసి సంపాదకులకన్నా ముందు అతనికే ఇచ్చాను. మొత్తం చదివి, కాసేపు ఊరుకుని, "కార్బన్ డయాక్సైడు లెక్కలో గది పూర్తిగా మూసి ఉందనుకుంటే అన్న మాట రాయలేదు, రాయి" అన్నాడు. రాశాను.

— ఒక విద్యార్థి, బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం